ఎండకు పెట్టిన కాగితాలు

ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ ముగించుకొని నిజామాబాద్ నుంచి వచ్చి బాన్సువాడ బస్టాండులో దిగాను. సంచులు సర్దుకుంటుంటే కోటగిరి బస్సు డ్రైవరు ఇంజిను ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచాడు.

"మేడం, మీ అన్న పోయిండు, ఎర్కేనా?"

మా అన్నయ్యతో పొద్దుననే ఫోన్లో మాట్లాడాను.

"మీ సొంతన్న గాదు మేడం. మస్కట్ల ఉండొచ్చినాయన. మీ ఇంటికొచ్చి కాయితాలు చదివిచ్చుకుంటుండె గదా, గాయన. సీట్లు ఖాళీగున్నా డోరు కాడ్నే నిలవడుతుండె. ఏడికన్నా అంటే బస్సు ఏడిదాంక పోతే గాడిదాంక అంటుండె. పాపం, దినాలు గూడ అయిపోయినయి."

బస్సు వెళ్లిపోయింది. నేను ఇంటికి నడవకుండా అక్కడే సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాను. ఎదురుగా జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాళ్ల మధ్యలోంచి చేతులు వెనక్కి కట్టుకొని, ఏ బస్సు ఎటు పోతుందో చూస్తూ, ఆయన ఇప్పుడే వస్తాడేమోనన్నట్టుగా ఉంది.

పనేమీ లేని రోజు బస్సెక్కడమే ఆయన పని. కోటగిరి దాకా పోయి, అక్కడ చాయ్ సగం తాగి, సగం గ్లాసులోనే వదిలేసి, తిరుగు బస్సులో వచ్చేసేవాడు. ఒక్కోసారి పెద్ద కొడప్‌గల్, ఒక్కోసారి జుక్కల్. జుక్కల్‌లో ఎవరున్నారని అడిగితే "ఎవలు లేరు. ఊకె పోయొచ్చిన" అనేవాడు. కాలువకు నీళ్లు వదిలారా, ఎక్కడ నాట్లు పడ్డాయి, ఎక్కడ చెరుకు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా ఆగాయి, అన్నీ ఆయనకు తెలిసేవి. ఆయనకు మాత్రం గుంట భూమి లేదు.

ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోకి తొంగిచూసేవాడు. మస్కట్‌లో ఓ ముసలి తెల్లాయన ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసిన మనిషి. పొయ్యి మీద ఏదైనా ఉడుకుతుంటే మూత తీసి, వాసన చూసి, అడక్కుండానే ఉప్పో కారమో సర్దేవాడు. పని అయిపోతే "ఖలాస్" అని చేతులు దులుపుకొనేవాడు. అరబ్బు దేశం ఆయన నోట్లో మిగిల్చిన మాట అదొక్కటే.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మోపెడ్ మీద, కాళ్ల దగ్గర, ఒక ఆకుపచ్చ రేకు పెట్టె ఉంది. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పడానికి చేరి అప్పటికి కొన్ని నెలలే. పెట్టెను వరండాలో దింపి, "మేడం, మీకు ఇంగ్లిష్ వస్తదంట గదా" అన్నాడు.

"వస్తుంది. కూర్చో అన్నా."

"కూసునుడు తర్వాత. జర గీ కాయితంల ఏమున్నదో జెప్పుండ్రి."

పైనుంచి ఒక పల్చటి పసుపు కాగితం తీసి, రెండు చేతులతో అందించాడు. చూశాను. ఏదో హోటల్ వాళ్లు షర్టులు ఉతికి ఇస్త్రీ చేసినందుకు ఇచ్చిన చీటీ.

"బట్టలు ఉతికిన బిల్లు అన్నా ఇది."

"ఏందీ?"

"అంగీలు ఉతికిన చీటీ."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే గేటు దాకా పోయి వచ్చాడు. "అరె! గీ అంగీల చీటీని ఎన్నేండ్లు ఎండకు పెట్టిన మేడం! కడుపుల బిడ్డను చూస్కున్నట్టు చూస్కున్న!"

ఆ నవ్వు మధ్యలోనే, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, సంగతంతా చెప్పాడు. ఆయన యజమాని తండ్రి పాతకాలపు విలేకరి. పోయిన శతాబ్దం మొదట్లో, ఎక్కడ యుద్ధం జరిగితే అక్కడికి రైళ్లలో, ఓడల్లో, గుర్రాల మీద పోయి తన దేశపు పత్రికకు వార్తలు పంపినవాడు. అతను మిగిల్చిన కాగితాలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. టెలిగ్రాముల చిత్తు ప్రతులు, సైన్యం వాళ్లు ఇచ్చిన అనుమతి పత్రాలు, భార్యకు రాసిన ఉత్తరాలు, హోటల్ బిల్లులు. కొడుకు ఉద్యోగం మీద మస్కట్ వచ్చి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాడు. ముసలితనంలో చూపు పోయింది. సముద్రపు తడికి కాగితాలు అంటుకుపోతాయని, వాటిని మిద్దె మీద ఎండకు పెట్టించి, పక్కన కూర్చొని వేళ్లతో తడుముతూ ఉండేవాడట.

"ఆయనకేమో కండ్లు లేకపాయె. నాకేమో ఇంగ్లిష్ అచ్చరం రాకపాయె. గాలికి లేసిపోకుంట రాళ్లు వెడుతుంటిమి, తిప్పుతుంటిమి. చదివింది మాత్రం లేదు."

ఆ ముసలాయన పోయాక బంధువులు వచ్చి ఇల్లు ఖాళీ చేశారు. కావలసినవి తీసుకొని మిగతావి పడేయమన్నారు. పడేయాల్సిన సామాన్లలో ఈ పెట్టె ఉంది. నేను తీసుకుంటానని అడిగాడు. తీసుకోమన్నారు.

"ఇన్నేండ్లు చేతులల్ల వట్టుకున్న మేడం. ఏమున్నదో తెల్వకుంటనే సావాల్నా?"

ఆయన భార్య మాత్రం ఆ పెట్టెను ఇంట్లోకి వచ్చిన సవతిని చూసినట్టు చూసేది. నేను వాళ్లింటికి వెళ్లిన మొదటి రోజే చెప్పింది. "అందరి మొగోళ్లు దుబాయ్ నుంచి రగ్గులు దెచ్చిండ్రు, సెంటు సీసలు దెచ్చిండ్రు. మా ఇంటాయన చిత్తు కాయితాలు దెచ్చిండు. బాన్సువాడల దొరకవా మేడం చిత్తు కాయితాలు?" మా వైపు గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే. ఆమె ఆ మాట అంటున్నంతసేపూ చేతులు ఆగలేదు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. బీడీ చుట్టి, దారం కట్టి, మళ్లీ ఇంకో ఆకు. ఆయన దేశంలో లేని ఏళ్లన్నీ ఆమె ఆ చాట ముందే గడిపింది. ఆయన తిరిగి వచ్చేశాక కూడా చాట దించలేదు.

అలా ఆదివారాల చదువు మొదలైంది. చేతిరాత ఘోరంగా ఉండేది. కదిలే రైల్లో మోకాలి మీద పెట్టుకొని రాసినట్టు, ఒక్కో పేజీకి నాకు చాలా సమయం పట్టేది. ఆ ఆలస్యాన్ని ఆయన భరించలేకపోయేవాడు. హాల్లో నాలుగు అడుగులు వేసి, గేటు గొళ్లెం చూసి వచ్చి, చివరికి మా వంటింట్లో దూరి ఉల్లిగడ్డలు తరిగేవాడు. "గట్టిగ చదువుండ్రి, ఇనస్తలేదు" అని అక్కడి నుంచి కేక. మా ఆయనకు ఆదివారం అంటే ఇష్టం పెరిగింది, ఆ వంట వల్ల.

ఒకసారి ఏదో కొండల్లో జరిగిన ముట్టడి గురించి చదువుతున్నాను. ఫిరంగులు, మంచు, కూలిపోయిన వంతెన. అప్పటికే ఆయన నోట్లో మేడం అనే పిలుపు పోయి చెల్లె అనే పిలుపు వచ్చింది.

"ఫిరంగులు ఇడువు చెల్లె. గా దినం ఏం తిన్నడు?"

"తిండి దొరకలేదట. గుర్రాన్ని కోసి తిన్నారట."

గరిటె పట్టుకొని బయటికి వచ్చాడు. "ఎవలు వండిండ్రు?"

"అది రాయలేదన్నా."

"రాయడు. తిన్నోనికి యాద్కుండదు" అని లోపలికి పోయి, పోపును మరీ గట్టిగా వేయించాడు.

టెలిగ్రాముల్లో మాటమాటకూ రేటు కాబట్టి ఆ విలేకరి ముందు పొడుగ్గా రాసుకొని, తర్వాత చాలా వరకు కొట్టేసేవాడు. నేను మిగిలిన మాటలే చదివి వినిపించేదాన్ని. ఒకరోజు ఆయన నా భుజం వెనక నిలబడి చూశాడు.

"గీ గీతలు గీసినకాడ ఏమున్నది?"

"అది కొట్టేశాడన్నా. పంపలేదు."

"పంపనిదే చదువు."

కాగితాన్ని వెలుతురుకు పట్టుకొని గీతల కింది అక్షరాలు కూడబలుక్కున్నాను. పంపిన వార్త ఇది: పరిస్థితి ప్రశాంతం, సేనల కదలిక లేదు. దానికి ముందు కొట్టేసినది: నిన్నటి నుంచి నా చేతులు వణుకుతున్నాయి, ఎవరికీ చూపించకుండా జేబుల్లో పెట్టుకొని తిరుగుతున్నాను.

ఆయన "మల్లొక్కసారి చదువు" అన్నాడు. చదివాను.

"నేను గూడ ఫోన్ల గిట్లనే కొట్టేస్తుంటి చెల్లె."

ఏం కొట్టేసేవాడివని అడిగేలోపే వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరమూ ఏమీ అనకుండా తిన్నాం. అప్పటి నుంచి ఏ కాగితం తీసినా ముందు గీతలు గీసినవే చదవమనేవాడు.

ఆ విలేకరి తన భార్యకు రాసిన ఉత్తరాలు మాత్రం ఈయనను నిలవనిచ్చేవి కావు. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట, వచ్చే నెల బయల్దేరుతున్నాను అని. తర్వాతి ఉత్తరం ఇంకో దేశం నుంచి ఉండేది.

"వచ్చిండా ఇంటికి?"

"లేదన్నా. ఇప్పుడు ఏదో రేవు పట్టణంలో ఉన్నాడు."

"ఏం మనిషే వాడు! గా పిల్ల ఎదురు చూస్తదని సోయి లేదా?" పెట్టె మూత ధడాల్న వేసి, మోపెడ్ తీసుకొని వెళ్లిపోయేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ గేటు దగ్గర హారన్.

ఒకసారి కోపం తగ్గాక తనే చెప్పాడు. "మా కాలంల కాసెట్లు వంపుతుంటిమి చెల్లె. ఊరికి పోయెటోడు ఎవడన్న దొరికితే, మాటలు రికార్డు జేసి వానికిచ్చుడు. పండుగకు వస్తనని ప్రతి కాసెట్ల చెప్పిన. పండుగే మారుతుండె, మాట మారకపోతుండె."

ముసలాయన మనవరాలు ఒకామె ఉంది. చిన్నప్పుడు సెలవులకు మస్కట్ వచ్చి ఈయన చేతి పూరీలు తిన్న పిల్ల. ఎప్పుడైనా వీడియో కాల్ చేసి, వచ్చీరాని హిందీలో మాట్లాడేది. ఒకరోజు మాటల్లో ఈయనే ఫోన్ను పెట్టె వైపు తిప్పి చూపించాడు. ముత్తాత కాగితాలు ఎప్పుడో చెత్తలో పోయాయనుకున్న ఆ అమ్మాయి ఏడ్చేసింది. పని మీద హైదరాబాద్ వస్తున్నాననీ, బాన్సువాడ వచ్చి ఆ పెట్టెను తీసుకొని ఏదైనా లైబ్రరీలో భద్రపరుస్తాననీ, ఇస్తావా అనీ అడిగింది. ఆవో ఆవో అన్నాడు. ఫోన్ పెట్టేసి ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. "మేడం, మీ కాడికొచ్చిండా? పొద్దుగాల వోయిండు. ఫోన్ ఇంట్లనే ఉన్నది. గోళీలు గూడ ఏస్కోలే." అప్పటికే ఆయనకు గుండె జబ్బు బయటపడి మందులు నడుస్తున్నాయి.

నేను బస్టాండుకు పోయి నిలబడ్డాను. జుక్కల్ బస్సులోంచి దిగాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఇవ్వాలని లేదా అన్నా?"

"ఇస్త. ఆళ్లయి ఆళ్లకియ్యనా? గానీ చెల్లె, వాడు ఇంటికొచ్చిండో రాలేదో ఇంక తెల్వకపాయె. గది తెల్వకుంట ఎట్లిస్త?"

"జల్దీ చదివేద్దాం అయితే."

ఆ తర్వాత ఆదివారాల కోసం ఆగలేదు. కాలేజీ నుంచి నేను వచ్చేసరికి ఆయన గేటు ముందు తచ్చాడుతూ ఉండేవాడు. వరండా మెట్లు ఎక్కితే ఆయాసం. అరచెయ్యి రొమ్ము మీద ఒత్తి పట్టుకొని, అలాగే నడిచేవాడు. కూర్చోమంటే వినేవాడు కాదు. వంట కూడా మానేశాడు. నేను వాక్యం మధ్యలో ఆగితే "ఆఁ, ఆఁ" అని తొందరపెట్టేవాడు. చివరి ఉత్తరం ఒక ఓడరేవు నుంచి. ఓడ కోసం ఎదురు చూస్తున్నానని ఉంది. దాని కింద ఇంకేమీ లేవు.

"ఇగ?"

"అంతే అన్నా. కాగితాలు అయిపోయాయి."

ఆయన పెట్టెను బోర్లించి అడుగు తట్టాడు. తుప్పు రాలింది.

ఆ అమ్మాయి ఒక ఉదయం కారులో వచ్చింది. బీడీల గల్లీలో కారు పట్టక, సందు మొదట్లో దిగి నడిచింది. ఆయన పొద్దుపొడుపు నుంచి వంటలో ఉన్నాడు. పూరీలు, ఆలుగడ్డ కూర, సేమ్యా. ఆయన భార్య ఎప్పటిలాగే గోడకు ఆనుకొని, కాళ్లు చాపి, ఒళ్లో చాటతో కూర్చొని ఉంది. వచ్చిన పిల్లను తల నుంచి కాలి దాకా చూసి, "మంచిగున్నది, గానీ బక్కగున్నది" అని నాతో అంది. ఆ అమ్మాయి నేల మీదే కూర్చొని చేత్తో తిన్నది. ఆయన వడ్డిస్తూ, గదిలోకి బయటికి తిరుగుతూ ఉన్నాడు. చివరికి నీళ్ల చెంబు పట్టుకొని గడపలో ఆగి నాతో అన్నాడు.

"అడుగు చెల్లె. ఈమె ముత్తాత ఇంటికొచ్చిండా?"

అడిగాను. ఆ అమ్మాయి గుర్తు తెచ్చుకుంటున్నట్టు తింటున్న చెయ్యి ఆపింది. తర్వాత చెప్పింది. వచ్చాడట. వచ్చి చాలా ఏళ్లు బతికాడట. ఆ ఇంట్లోనే ముసలివాడై పోయాడట. తాతయ్య చెప్పేవాడట, భోజనాల దగ్గర తన అమ్మ నాన్నను అడిగేదని, అక్కడ ఏం చూశావు, ఎలా ఉన్నావు అని. ఆ నాన్న ఎప్పుడూ ఒకే జవాబిచ్చేవాడట. నువ్వు పేపర్లో చదివే ఉంటావు కదా అని. అంతకు మించి పోయేదాకా ఏమీ చెప్పలేదట.

నేను అదంతా తెలుగులో చెప్పాను. చెప్పడం అయ్యాక గదిలో ఏదో తేడా తోచింది. తునికాకు చప్పుడు ఆగిపోయింది. ఆయన భార్య చేతులు చాటలో కదలకుండా ఉన్నాయి.

"మా ఇంటికి పేపర్ గూడ రాలే" అంది ఆమె.

ఏమంటోందని ఆ అమ్మాయి నన్ను అడిగింది. ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకొంది.

"మా అత్త సచ్చిపోతే ఈయన రాలే మేడం. సెలవు దొర్కలేదన్నడు. ఫోన్ల గంతే అన్నడు. వచ్చినంక గూడ గా ముచ్చట ఎన్నడు ఎత్తలే. ఆయన జెప్పలే, నేను అడగలే." ఆమె గొంతులో ఏడుపు లేదు. దారం అందుకొని మళ్లీ బీడీ కట్టడం మొదలుపెట్టింది.

ఆయన చెంబు కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మోపెడ్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఇక బస్టాండుకే అనుకున్నాను. కాసేపటికి ఇంజిను ఆగింది. లోపలికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, పెట్టెను భుజానికెత్తుకొని కారు దాకా తనే మోశాడు. నేను పట్టుకుంటానన్నా వద్దన్నాడు. వెనక సీట్లో పెట్టి, ఆకాశం వైపు చెయ్యి చూపించి, "ధూప్... ధూప్ దిఖానా" అని, ఎండకు పెట్టమని ఆ అమ్మాయికి చెప్పాడు. ఆమెకు అర్థమైంది. జ్ఞాపకంగా ఒక కాగితం ఉంచుకోమని ఆమె బతిమాలింది.

"వద్దు బిడ్డా. ఖలాస్" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. ఆదివారాలు మా వంట మళ్లీ మామూలైంది. ఒకటి రెండు సార్లు బస్సు డోరు దగ్గర దూరం నుంచి చూశాను. కాగితాల చదువు అయిపోయింది కదా, ఇక నాతో ఏం పని అనుకున్నాను. కాస్త బాధ కూడా పడ్డాను.

కొన్ని వారాలకు ఆ అమ్మాయి ఒక ఫోటో పంపింది. లైబ్రరీలో పొడవాటి బల్ల మీద కాగితాలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. ఆయనకు చూపిద్దామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గేటు మీద చెయ్యి వెయ్యబోతుంటే లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. తలుపు తెరిచే ఉంది. ఆయన భార్య పక్కన నేల మీద కూర్చొని, ఆకుల ఈనెలు తీస్తూ, ఆమె వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"...సెలవు దొర్కలేదన్నది అబద్ధం. నేను సెలవు అడగనే లే. ముసలాయన కాడ అప్పటికింక చేరలే. మొదటి సేటు పాస్‌పోర్ట్ గుంజుకున్నడు. కొడుతుంటె తట్టుకోలేక వారిపోయిన. దొంగలెక్క ఒకల రూముల పంటుంటి. బయటికొస్తే పోలీసోళ్లు వడ్తరు. అమ్మ పోయిందని నువ్వు ఫోన్ జేసిన దినం, గట్టిగ ఏడ్సెతందుకు గూడ లేకుండె. పక్కింటోళ్లకు ఇనవడ్తదని నోట్ల తువ్వాల కుక్కుకున్న."

ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"నేను గూడ అబద్ధం జెప్పిన" అంది ఆమె.

"నాకా?"

"నీకు గాదు. అత్తకు. పానం పోయే ముందల కొడుకేడని అడిగింది. విమానం ఎక్కిండత్తా, తొవ్వల ఉన్నడు, వస్తుండు అన్న."

ఆయన చేతిలో ఆకు అలాగే ఉంది.

"నమ్మిందా?"

"నమ్మింది. నీకు బువ్వ దీసి పెట్టమన్నది."

నేను ఫోన్ను సంచిలో వేసుకొని, గేటు ముట్టుకోకుండానే వెనక్కి తిరిగాను.